కారు అద్దం మీది ఫాస్టాగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తిరుపతి నుంచి చిత్తూరు పోతే గాదంకి, పుత్తూరు దారి పడితే ఎస్వీ పురం, చిత్తూరు దాటి బెంగళూరు వైపు తిరిగితే మహాసముద్రం. మన రెండు జిల్లాల్లో కారు బయటికి తీస్తే ఏదో ఒక టోల్‌గేటు తగలక తప్పదు. ఈసారి ఫాస్టాగ్ మీద ఉత్తరాలు ఎక్కువగా వచ్చినందువల్ల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక్క ప్రశ్నగా కలిపాం.

*

ప్రశ్న: కొత్తగా ఫాస్టాగ్ తెచ్చుకున్నాం. అద్దానికి పైన అంటించమని ఒకరు, డ్రైవరు పక్క మూలకు అంటించమని ఇంకొకరు చెబుతున్నారు. ఒకసారి అంటించాక తీయడానికి లేదంట కదా, ఎట్లా అంటించేది?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: అంటించే ముందు ఆ ట్యాగ్‌ను ఒకసారి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. లోపల మెలికలు తిరిగిన సన్నటి లోహపు గీతలు, వాటి నడుమ ఆవగింజలో సగమంత నల్లటి చుక్క కనిపిస్తాయి. ఆ గీతలే యాంటెనా, ఆ చుక్కే చిప్. లోపల బ్యాటరీ ఏమీ ఉండదు. టోల్‌గేటు పైకప్పుకు బిగించిన రీడర్ 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలను కిందికి వదులుతుంది. యాంటెనా ఆ తరంగాల నుంచే పిసరంత కరెంటు తీసుకుని చిప్‌ను మేలుకొలుపుతుంది, చిప్ తన నంబరు చెబుతుంది. అంత తక్కువ శక్తితో జరిగే పని కాబట్టి దగ్గరలో ఇనుము ఉన్నా, పైన రేకు లాంటిది అడ్డం వచ్చినా ఆ మాట రీడర్ దాకా చేరదు. చోటు ముఖ్యమనేది అందుకే.

సరైన చోటు ముందు అద్దానికి లోపలి వైపు, నడిమధ్యన, పైభాగంలో. రియర్ వ్యూ మిర్రర్ వెనకో, దానికి కాస్త కిందనో ఉండాలి. కారు పైకప్పు ఇనుప అంచుకు కనీసం మూడు వేళ్ల వెడల్పు దూరం వదలండి. ట్యాగ్‌ను అడ్డంగానే పెట్టండి, నిలువుగా వద్దు. డ్రైవరు పక్క మూల అసలు మంచిది కాదు. అక్కడ అద్దానికి ఆనుకునే ఇనుప స్తంభం ఉంటుంది, పైగా పక్క లేనులోని రీడర్‌కు ఆ మూలే దగ్గరవుతుంది. మిర్రర్ దగ్గర వాన సెన్సారు, కెమెరా ఉన్న కార్లలో వాటి ముందర పడకుండా పక్కకు జరపాలి. డాష్‌క్యామ్ ఉంటే దాని వైరు ట్యాగ్ మీదుగా పోనివ్వకండి.

అంటించే పని పొద్దున్నే, నీడలో పెట్టుకోండి. ఎండలో కాగిన అద్దం మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది, వంకర పోతే సరిచేసే వీలుండదు. ముందు అద్దాన్ని తడి గుడ్డతో తుడిచి, ఆరాక మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదికి అద్ది అరచేయి వెడల్పు మేర మళ్లీ తుడవండి. కొత్త కారైనా సరే ఈ పని మానకండి. షోరూములో డ్యాష్‌బోర్డుకు కొట్టే పాలిష్ తుంపర అద్దానికి కూడా పడుతుంది. కంటికి కనపడదు గానీ జిగురును పట్టనివ్వదు. స్పిరిట్ పూర్తిగా ఆరాక, అద్దానికి బయటి వైపు చిన్న టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. ట్యాగ్ వెనకున్న కాగితాన్ని ఒక్కసారిగా వలవకుండా ఒక అంచున రెండు వేళ్ల మేర మాత్రం తీసి, ఆ అంచును గుర్తుకు ఆనించి, మిగతా కాగితాన్ని మెల్లగా లాగుతూ ఇంకో చేతి బొటనవేలితో మధ్య నుంచి అంచులకు వత్తుకుంటూ పొండి. అక్షరాలు, క్యూఆర్ కోడ్ బయటి నుంచి చూసేవాళ్లకు కనపడాలి. ఒక రోజు గడిచేదాకా లోపలి వైపు అద్దం కడగొద్దు.

తీసి మళ్లీ అంటించడానికి లేదన్న మాట నిజమే. ఒక కారు ట్యాగ్ ఇంకో కారుకు పోకూడదని యాంటెనాలో కావాలనే బలహీనమైన చోట్లు పెడతారు. లాగితే గీత అక్కడ తెగుతుంది. పైకి ట్యాగ్ బాగానే ఉన్నట్టు కనపడుతుంది, టోల్‌గేటులో మాత్రం పలకదు.

*

ప్రశ్న: మా కారుకు ట్యాగ్ మధ్యలోనే అంటించాం, డబ్బులూ ఉన్నాయి. అయినా గాదంకిలో ప్రతిసారీ గేటు తెరుచుకోదు. మనిషి చేతి మెషిన్ తెచ్చి అద్దానికి ఆనించి పెడితే అప్పుడు పని చేస్తుంది. ట్యాగ్ పాడైందా?
– తిరుపతి

జవాబు: చేతి మెషిన్‌తో పని చేస్తోందంటే ట్యాగ్ బతికే ఉంది. తరంగానికి మధ్యలో ఏదో అడ్డం ఉంది. మూడు అనుమానాలు వరసగా చూసుకోండి.

మొదటిది అద్దమే. కొన్ని కార్లకు వేడి లోపలికి రాకుండా లోహపు పూత ఉన్న అద్దం కంపెనీ నుంచే వస్తుంది. పక్క నుంచి చూస్తే లేత ఊదా రంగో, ఆకుపచ్చో మెరుపు తెలుస్తుంది. ఆ పూత తరంగాలను వెనక్కి కొడుతుంది. అలాంటి అద్దాల్లో మిర్రర్ దగ్గర నల్ల చుక్కలు చుక్కలుగా ఉండే చిన్న భాగాన్ని పూత లేకుండా వదులుతారు, టోల్ ట్యాగ్ కోసమే. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ చోటు బొమ్మ వేసి ఉంటుంది. మీ ట్యాగ్ ఆ చోటు దాటి ఉంటే బ్యాంకును కొత్త ట్యాగ్ అడిగి తెప్పించుకుని సరైన చోట అంటించడమొక్కటే మార్గం.

రెండోది సన్‌ఫిల్మ్. లోహపు పొడి కలిపిన ఫిల్మ్ అయితే ఇదే గొడవ. ముందు అద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలని మోటారు వాహనాల నిబంధన కూడా ఉంది, కాబట్టి ముందు అద్దానికి అలాంటి ఫిల్మ్ వేయించడమే తప్పు. వేసి ఉంటే తీయించేయండి.

మూడోది మన ఊళ్లో ఎక్కువ. అద్దానికి పైభాగాన అంటించే మెరిసే నామాల స్టిక్కర్లు, దేవుడి బొమ్మలు, పేరు పట్టీలు. వాటిలో వెండి రంగు రేకు తళుకు ఉన్నది సరిగ్గా ట్యాగ్‌కు ఎదురుగా బయటి వైపు ఉంటే రీడర్ ముందు గోడ కట్టినట్టే. ఆయుధ పూజకు పెట్టిన పసుపు, కుంకుమ ఎండిపోయాక ఏ అడ్డమూ కాదు, వాటిని అనుమానించకండి. నామం స్టిక్కరును ఒక జానెడు పక్కకు జరిపితే చాలు.

ఇంకొక మాట. పాత ట్యాగ్ అద్దానికి అలాగే ఉంచి పక్కనే కొత్తది అంటించి ఉంటే ముందు పాతదాన్ని గీకి తీసేయండి. రీడర్‌కు రెండూ ఒకేసారి జవాబు చెబుతాయి. చెల్లని పాత నంబరు ముందుగా అందితే గేటు మూసే ఉంటుంది.

మొబైల్ ఫోనుతో ట్యాగ్‌ను పరీక్షించొచ్చా అని ఇద్దరు అడిగారు. కుదరదు. ఫోన్లలో ఉండే ఎన్‌ఎఫ్‌సి 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, ఫాస్టాగ్ భాష వేరు.

*

ప్రశ్న: ఎండాకాలంలో ట్యాగ్ ఊడి పడిపోయింది. అప్పటి నుంచి డ్యాష్‌బోర్డులో పెట్టుకుని, టోల్ రాగానే చేత్తో పట్టి చూపిస్తున్నా. పని జరిగిపోతోంది. పర్లేదు కదా?
– చంద్రగిరి

జవాబు: పర్లేదు అనుకోకండి. చేతిలో పట్టుకుని చూపే ట్యాగ్‌లను గుర్తించి వెంటనే బ్లాక్‌లిస్టులో పెట్టించాలని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ, అదే ఎన్‌హెచ్ఏఐ, 2025 జులైలో టోల్ సిబ్బందికి ఆదేశాలిచ్చింది. ఒక ట్యాగ్‌ను రెండు మూడు బండ్లకు వాడే మోసం ఎక్కువగా అలాగే జరుగుతుంది కాబట్టి ఇందులో వాళ్లను తప్పుపట్టలేం.

ఊడిన ట్యాగ్‌కు సెల్లో టేపు, ఫెవిక్విక్ పెట్టి మళ్లీ అంటించేవాళ్లూ ఉన్నారు. యాంటెనా తెగి ఉంటే ఏ జిగురూ పనికి రాదు. తెగకపోయినా అద్దానికీ ట్యాగ్‌కూ మధ్య గాలి బుడగలు, మడతలు వస్తే ఒకరోజు పలుకుతుంది, ఇంకోరోజు పలకదు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో ‘రీప్లేస్‌మెంట్’ అని అడగండి. అదే ఖాతా, అందులో మిగిలిన అదే సొమ్ము, కొత్త ట్యాగ్. ట్యాగ్ ధర కింద 100 రూపాయల దాకా తీసుకుంటారు.

*

ప్రశ్న: మాది పాత కారు. ఫాస్టాగ్ ఎప్పుడూ తీసుకోలేదు. కాణిపాకం నుంచి కుటుంబంతో కొండకు పోవాలి. అలిపిరిలో ఫాస్టాగ్ లేకపోతే పంపరంటున్నారు. వార్షిక పాసు తీసుకుంటే అలిపిరికి కూడా సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కాణిపాకం

జవాబు: తిరుమలకు వెళ్లే వాహనాలకు 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అని టీటీడీ ప్రకటించింది. లేనివాళ్ల కోసం అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గరే ఐసీఐసీఐ బ్యాంకుతో కలిసి ట్యాగ్ ఇచ్చే ఏర్పాటు చేసింది. కానీ పిల్లా పెద్దా అందరినీ కారులో కూర్చోబెట్టి అక్కడ వరసలో నిలబడే బదులు, నాలుగు రోజుల ముందే బ్యాంకులోనో ఆన్‌లైన్‌లోనో తీసుకోవడం మేలు. కావలసినవి కారు ఆర్‌సీ, యజమాని ఆధార్, పాన్ లాంటి గుర్తింపు పత్రాలు, ఆర్‌సీకి జతపడిన మొబైల్ నంబరు, నంబరు ప్లేటు కనపడేలా కారు ముందు భాగం ఫోటో. ఆర్‌సీ ఒకరి పేర, ట్యాగ్ ఇంకొకరి పేర తీసుకోకండి. తర్వాత కేవైసీ, అంటే గుర్తింపు పరిశీలన దగ్గర ఇరుక్కుంటారు.

వార్షిక పాసు అలిపిరిలో చెల్లదు. ఆ పాసు జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీది టోల్‌గేట్లకే. అలిపిరి టీటీడీది. అక్కడ ఫాస్టాగ్ ఖాతాలోని డబ్బే తెగుతుంది. పాసు ఉన్నవాళ్లు ఖాతాలో ఏమీ లేకుండా అలిపిరికి వచ్చి ఆగిపోవడం ఇందుకే. పాసు ఉన్నా సరే రెండు మూడొందలు వేసి ఉంచండి. రాష్ట్ర రహదారుల టోళ్లకు, పార్కింగులకు కూడా అదే ఆసరా.

*

ప్రశ్న: పాకాల నుంచి వారానికి ఆరు రోజులు సొంత కారులో తిరుపతికి పోయి వస్తున్నాను. గాదంకి టోల్ దాటాలి. 3,000 రూపాయల వార్షిక పాసు లాభమా?
– పాకాల

జవాబు: మీకు లాభం కాదు. లెక్క ఇది.

2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాసు ధర అప్పుడు 3,000 రూపాయలు. ఏడాది కాలం గానీ, 200 ట్రిప్పులు గానీ, ఏది ముందయితే దానితో ముగుస్తుంది. ట్రిప్పు అంటే ఊరికి పోయి రావడం అనుకుని చాలామంది పొరబడుతున్నారు. టోల్‌గేటును ఒకసారి దాటితే ఒక ట్రిప్పు, తిరిగి వచ్చేటప్పుడు దాటితే ఇంకోటి. మీరు నెలకు 25 రోజులు పోయొస్తే 50 ట్రిప్పులు. నాలుగు నెలలకే పాసు ఖర్చయిపోతుంది.

మీరు అడగాల్సింది స్థానికుల నెల పాసు. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు నివాసం ఉండేవాళ్ల సొంత, వాణిజ్యేతర వాహనాలకు ఇస్తారు. 2025–26లో దాని ధర నెలకు 350 రూపాయలు, ట్రిప్పుల లెక్క లేదు. నాలుగు నెలలకు 1,400. అదే పని వార్షిక పాసుతో 3,000. ఆధార్‌లో పాకాల చిరునామా, ఆర్‌సీ, ఫాస్టాగ్ వివరాలు తీసుకుని గాదంకి టోల్‌ప్లాజా ఆఫీసుకు వెళ్లి అడగండి. స్థానికులు తిరగడానికి సర్వీసు రోడ్డు గానీ వేరే దారి గానీ ఉన్నచోట ఈ పాసు ఇవ్వనక్కర్లేదని నిబంధనలో ఒక మెలిక ఉంది, అది కూడా అక్కడే తేల్చుకోండి. నెల పాసు ఆ ఒక్క టోల్‌గేటుకే.

వార్షిక పాసు ఎవరికి మేలు? నెలకు రెండు మూడుసార్లు బెంగళూరుకో, చెన్నైకో, హైదరాబాదుకో పోయి వచ్చేవాళ్లకు. దారిలో అన్నీ జాతీయ రహదారి టోళ్లే తగులుతాయి, 3,000 లెక్కన ఒక్కో దాటుకు పడేది 15 రూపాయలు. దీన్ని రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లోగానీ ఎన్‌హెచ్ఏఐ వెబ్‌సైటులోగానీ తీసుకోవాలి. ఫాస్టాగ్ ఖాతాలో ఉన్న డబ్బుతో పాసు రాదు, విడిగా చెల్లించాలి. డబ్బు కట్టాక మామూలుగా రెండు గంటల్లోపు పాసు మొదలవుతుంది. తెల్లటి ప్లేటు కారు, జీపు, వ్యానులకే ఇది. పసుపు ప్లేటు ట్యాక్సీకి లేదు. రిజిస్ట్రేషన్ నంబరు ఎక్కించకుండా ఛాసిస్ నంబరు మీదే నడుస్తున్న ట్యాగ్‌కు కూడా ఇవ్వరు. టోల్ ధరలను ఏటా ఏప్రిల్ 1న సవరిస్తారు కాబట్టి కట్టేముందు ఆ రోజు ధర యాప్‌లో చూసుకోండి.

మీలాగా రోజూ తిరగని వాళ్లకు ఇంకో సంగతి. పాసు ఏదీ లేని ఫాస్టాగ్‌కు 24 గంటల్లోపు తిరిగొస్తే వెనక్కి వచ్చేటప్పుడు సగం ధరే తెగుతుంది. అడగనక్కర్లేదు, దానంతట అదే జరుగుతుంది. పొద్దున గాదంకి దాటి మర్నాడు అదే వేళకు కాస్త ముందు తిరిగొచ్చేవాళ్లు మధ్యలో టీ కోసం ఆగి ఆ గడువు పోగొట్టుకోకండి.

*

ప్రశ్న: మహాసముద్రం గేటు ముందు ‘బ్లాక్‌లిస్టు’ అని చూపించింది. అక్కడే ఫోనులో 500 వేశాను. మెసేజ్ వచ్చింది, గేటు మాత్రం తెరవలేదు. డబ్బు పోయినట్టేనా?
– బంగారుపాళ్యం

జవాబు: డబ్బు ఎక్కడికీ పోలేదు, మీ ఖాతాలోనే ఉంది. బ్లాక్‌లిస్టు అనే మాట కింద రెండు మూడు వేర్వేరు రోగాలున్నాయి, రీఛార్జి వాటిలో ఒక్కదానికే మందు.

డబ్బు చాలక ఆగితే రీఛార్జి చేయగానే బ్యాంకు ఆ సంగతిని ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ సర్వర్‌కు చెబుతుంది, అక్కడి నుంచి టోల్‌గేటుకు చేరుతుంది. ఒక్కోసారి ఇది రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 2025 ఫిబ్రవరి 17 నుంచి ఎన్‌పీసీఐ ఒక నిబంధన కూడా పెట్టింది. రీడర్ చదివే వేళకు గంట ముందు నుంచి ట్యాగ్ ఆగిపోయి ఉండి, చదివిన 10 నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే ఆ చెల్లింపును తిప్పికొడతారు. జాతీయ రహదారుల టోళ్లలో వాహనదారుకు దీనివల్ల ఇబ్బంది ఉండదని, ఎప్పటికప్పుడు సమాచారం అందే పద్ధతి అక్కడుందని ఎన్‌హెచ్ఏఐ వివరణ ఇచ్చింది. ఏదేమైనా గేటు ముందు రీఛార్జి చేసే అలవాటు మంచిది కాదు. ముందు రోజు రాత్రే వేసుకుని, పొద్దున యాప్‌లో ‘యాక్టివ్’ అని చూసుకుని బయలుదేరండి.

మీ విషయంలో డబ్బు వేశాక కూడా తెరవలేదంటే కారణం కేవైసీ అయ్యుండొచ్చు, లేదా ఛాసిస్ నంబరు. షోరూములో ఛాసిస్ నంబరుతో ఇచ్చిన ట్యాగ్‌కు రిజిస్ట్రేషన్ నంబరు వచ్చాక దాన్ని 90 రోజుల్లోపు బ్యాంకులో ఎక్కించాలి. ఆ పని షోరూము వాళ్లు చేస్తారులే అని వదిలేసి, మూడు నాలుగు నెలలకు ట్యాగ్ ఆగిపోయిన బండ్లు ఎన్నో. ఒకే కారు మీద రెండు బ్యాంకుల ట్యాగ్‌లున్నా చివర తీసుకున్నదే బతుకుతుంది, ముందుది మూసుకుపోతుంది. మీరు పాతదానిలో డబ్బు వేశారేమో ఒకసారి చూడండి.

ఆ రోజు దాటాల్సి వస్తే నోట్లు తీయకండి. చెల్లే ఫాస్టాగ్ లేని వాహనం నగదు కడితే రెండింతలు, యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు అని 2025 నవంబరు 15న నిబంధన వచ్చింది. టోల్ 100 అయితే నగదుగా 200, యూపీఐలో 125.

*

ప్రశ్న: కారు ఇంటి ముందే ఉంది. ఎక్కడో నెల్లూరు వైపు టోల్‌లో డబ్బు తెగిందని మెసేజ్ వచ్చింది. ఎవరిని అడిగేది?
– చిత్తూరు

జవాబు: ఆ మెసేజ్‌ను చెరపకండి. అందులో టోల్‌ప్లాజా పేరు, తేదీ, వేళ ఉంటాయి. ఎక్కువ సందర్భాల్లో జరిగేది ఇది: ఏదో బండికి ట్యాగ్ చదవకపోతే లేనులో ఉన్న మనిషి నంబరును చేత్తో కొడతాడు, ఒక అంకె మారి అది మీ కారు నంబరవుతుంది. ఇలా తప్పుగా తెంచిన ప్రతి సందర్భానికీ టోల్ నిర్వాహకుడి మీద లక్ష రూపాయలు, అంతకు మించి జరిమానా వేస్తామని ఎన్‌హెచ్ఏఐ తరఫున ఈ వ్యవస్థను చూసే ఐహెచ్ఎంసీఎల్ ప్రకటించింది. కాబట్టి మీ ఫిర్యాదు చిన్నదని వదిలేయొద్దు, 65 రూపాయలైనా సరే రాయండి.

ముందు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో ఆ చెల్లింపును తాకి ‘డిస్ప్యూట్’ పెట్టండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ టోల్‌ప్లాజాలో ఆ వేళకు తీసిన బండి ఫోటో చూపమని అడగండి. ప్రతి దాటుకూ కెమెరా ఫోటో ఉంటుంది, అందులో మీ కారు లేకపోతే వాదన ముగిసినట్టే. మీ వీధిలో సీసీ కెమెరా ఉంటే ఆ గంట దృశ్యం దాచుకోండి.

పలమనేరు నుంచి ఒకరు తమ కారుకు ప్రతిసారీ సరుకు బండి ధర తెగుతోందని రాశారు. అది వేరే తప్పు. ట్యాగ్‌లో కారు, జీపు, వ్యానుకు నాలుగో తరగతి ఉండాలి, రెండు ఇరుసుల తేలికపాటి సరుకు వాహనానిది ఐదు. ఇచ్చేటప్పుడు తరగతి తప్పు కొట్టారు. ఆర్‌సీ, కారు ముందు ఫోటో పంపి బ్యాంకులో తరగతి మార్పించుకుని, ఎక్కువ తెగినవాటన్నిటికీ కలిపి ఫిర్యాదు పెట్టండి.

*

ప్రశ్న: సిగ్నల్ దగ్గర అద్దం తుడిచే పిల్లలు చేతి గడియారంతో ఫాస్టాగ్‌ను స్కాన్ చేసి డబ్బు లాగేస్తారని వీడియో చూశాం. నిజమేనా?
– పుత్తూరు

జవాబు: కాదు. 2022 జూన్‌లో తిరిగిన ఆ వీడియో కల్పితమని ఎన్‌పీసీఐ అప్పుడే చెప్పింది. ఫాస్టాగ్ నుంచి మనిషికి డబ్బు పోయే దారే లేదు. ముందుగా నమోదైన టోల్‌ప్లాజాలు, పార్కింగుల సర్వర్లకు మాత్రమే అది పోతుంది. అద్దం మీది క్యూఆర్ కోడ్‌ను ఫోటో తీసినా ఎవరికీ ఏమీ రాదు. నిజమైన మోసాలు ఫోనులో జరుగుతున్నాయి. ‘మీ ఫాస్టాగ్ కేవైసీ ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి’ అనే మెసేజ్‌లు, వార్షిక పాసు అమ్ముతామనే దొంగ వెబ్‌సైట్లు. ఓటీపీ అడిగితే అక్కడే ఆపేయండి.

*

ప్రశ్న: ట్యాగ్ బాగుంది, ఖాతాలో 800 ఉన్నాయి. మెషిన్ పని చేయడం లేదని నగదు అడిగారు. వరస కూడా వంద మీటర్లు దాటింది. అప్పుడు ఊరికే వదలాలని విన్నాం.
– పూతలపట్టు

జవాబు: రెండు సంగతులు కలిసిపోయాయి. మొదటిది మీ హక్కు. చెల్లే ట్యాగ్, తగినంత డబ్బు ఉండి, టోల్‌గేటు యంత్రం పాడై చెల్లింపు జరగకపోతే డబ్బు తీసుకోకుండా వదలాలని, సున్నా రూపాయల రశీదు ఇవ్వాలని 2018 మే నెలలో టోల్ రుసుముల నిబంధనలకు సవరణ తెచ్చారు. నగదు అడిగితే యాప్ తెరిచి ట్యాగ్ యాక్టివ్‌గా ఉన్నదీ, ఎంత డబ్బుందీ చూపించండి, జీరో రశీదు ఇవ్వమని అడగండి, ఒప్పుకోకపోతే అక్కడి నుంచే 1033కు చేయండి. మీ ట్యాగ్ ఒక్కటే చదవక వెనక బండ్లన్నీ సాఫీగా పోతుంటే మాత్రం అది యంత్రం తప్పు కాదు.

వంద మీటర్ల మాట 2021లో ఎన్‌హెచ్ఏఐ ఇచ్చిన ఆదేశాల్లోది. దాన్ని 2024లో ఉపసంహరించుకున్నారు. ఇప్పుడు దాని పేరుతో గొడవ పడితే ఫలితం ఉండదు.

వరసలో ఉన్నప్పుడు ముందు బండికి కారు పొడవంత దూరం వదలండి. ముందు లారీ వెనక్కి అతుక్కుని నిలబడితే మీ ట్యాగ్ ముందుగా చదివి, మీ డబ్బుతో గేటు తెరుచుకుంటుంది, లారీ వెళ్లిపోతుంది, మీ ముందు కర్ర దిగుతుంది.

*

ప్రశ్న: కారు అమ్మేశాను. రెండు నెలలైనా టోల్ మెసేజ్‌లు నా ఫోనుకే వస్తున్నాయి.
– శ్రీకాళహస్తి

జవాబు: ఈ రోజే బ్యాంకు యాప్‌లో ‘ట్యాగ్ క్లోజ్’ అడగండి. కొన్నాయనకు ఫోను చేసి చెప్పి మరీ మూయండి, లేకపోతే ఆయన దారి మధ్యలో ఆగిపోతారు. మిగిలిన డబ్బు, డిపాజిట్ మీ బ్యాంకు ఖాతాకు తిరిగొస్తాయి. ట్యాగ్ కారుతో పాటు చేతులు మారదు. కొన్నవాళ్లు ఆర్‌సీ తమ పేరుకు మార్చుకుని సొంతంగా ట్యాగ్ తీసుకోవాలి. మీ పాత ట్యాగ్ మూసేదాకా వాళ్లకు కొత్తది రావడంలో చిక్కు వస్తుంది కాబట్టి ఆలస్యం ఇద్దరికీ నష్టం. ఆ కారు ఎక్కడెక్కడ తిరిగిందో మీ ఖాతా మీద రాసుకుపోతోందన్న సంగతి కూడా ఆలోచించండి.

*

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం పగిలింది. కొత్త అద్దం వేయిస్తున్నాం. పాత ట్యాగ్‌ను జాగ్రత్తగా తీసి వేయొచ్చని మెకానిక్ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: బ్లేడుతో ఎంత జాగ్రత్తగా తీసినా యాంటెనా తెగుతుంది. పాత అద్దం పోయేముందు ట్యాగ్ మీది నంబరును ఫోటో తీసుకోండి. అద్దం వేయించే రోజుకు రెండు మూడు రోజుల ముందే బ్యాంకులో రీప్లేస్‌మెంట్ అడగండి, కొత్తది పోస్టులో రావడానికి ఆ మాత్రం పడుతుంది. పగిలిన అద్దాన్ని షాపులో వదిలే ముందు పాత ట్యాగ్‌ను అడ్డంగా, నిలువుగా కోసేయండి. కొత్త అద్దం వేశాక దాని చుట్టూ పూసిన జిగురు ఆరాలి కాబట్టి మర్నాడు ట్యాగ్ అంటించండి. పాత అద్దం మామూలుదై, కొత్తది లోహపు పూత ఉన్నది వేస్తుంటే ఆ చుక్కల చోటు ఎక్కడుందో అద్దం బిగించక ముందే మెకానిక్‌ను అడిగి వేలు పెట్టి చూపించుకోండి.